పోగులు తమంతట తామే పేనుకుంటాయా?

తిరుత్తణి కొండ మీద సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నవాళ్ళు తలనీలాలు ఇచ్చి దిగుతారు. కొండ దిగి దక్షిణంగా పోతే కంచి పట్టుమగ్గాలు, నైరుతిగా పోతే రాణిపేట తోళ్ళ కర్మాగారాలు. వెంట్రుక, పట్టు, తోలు అనే ఈ మూడు సరుకుల వ్యాపారం వేర్వేరు చేతుల్లో ఉంటుంది గానీ వాటి లోపల జరిగిన పని ఒకటే. కంటికి ఆనని ప్రోటీన్ అణువులు ఒకదాని పక్కన ఒకటి చేరి పోగులయ్యాయి, పోగులు కట్టలయ్యాయి, కట్టలు ఒక క్రమంలో సర్దుకున్నాయి. సర్దింది ఎవరు? ఎవరూ కాదు, వాటంతట అవే సర్దుకున్నాయని జీవరసాయన శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. ఏడు దశాబ్దాలుగా పోగైన ఆధారాలన్నీ కలిపి చూస్తే ఆ జవాబు సగమే నిజమనిపిస్తుంది. పక్క అణువుతో ఎలా కలవాలో అణువుకి తెలుసు. ఎప్పుడు కలవాలో, ఎంత లావయ్యాక ఆగాలో, ఏ దిక్కుగా పడుకోవాలో మాత్రం దానికి తెలియదు. ఆ లెక్కలు చూసేది నీరు, ఉప్పు, వేడి, రద్దీ, వీటన్నిటినీ అదుపులో పెట్టుకున్న జీవకణం.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోదే. రాష్ట్ర సరిహద్దు కదిలినా తెలుగు మాట్లాడే ఇళ్ళు కదల్లేదు. ఆ ఇళ్ళకి రైలు దూరంలో ఉన్న మద్రాసులోనే ఈ ప్రశ్నకి సంబంధించిన తొలి పెద్ద జవాబు దొరికింది. అక్కడి నుంచే మొదలుపెట్టడం న్యాయం.

1952లో జి.ఎన్. రామచంద్రన్ బెంగళూరు వదిలి మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర శాఖాధిపతిగా చేరారు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్ళు. ఏ సమస్య మీద పనిచేయాలా అని వెతుక్కుంటున్న రోజుల్లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ మద్రాసు వచ్చి, కొలాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ తేలలేదని మాటల్లో అన్నారు. చర్మం, ఎముక, స్నాయువు, కంటిపొర అన్నిటిలోనూ ఉండే ప్రోటీన్ అది. మన ఒంట్లో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ కూడా అదే. విశ్వవిద్యాలయానికి దగ్గర్లోనే, అడయారులో, 1948లో మొదలైన కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ ఉంది. తోలంటే కొలాజెనే కాబట్టి నమూనాలకి కొదవ లేదు. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టి, తోళ్ళ శాస్త్రంలో పేరు తెచ్చుకున్న యలవర్తి నాయుడమ్మ అక్కడే పనిచేసి 1958లో ఆ సంస్థకి డైరెక్టర్ అయ్యారు. ఆయనా రామచంద్రనూ 1922లో నెల తేడాతో పుట్టినవాళ్ళు. ఒకరు తోలు గట్టిపడే కిటుకు వెతికారు, ఇంకొకరు ఆ తోలు అణువు ఆకారం వెతికారు.

రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కంగారూ తోక స్నాయువు మీద ఎక్స్‌రేలు పంపి, ఫిల్మ్ మీద పడ్డ మచ్చలను బట్టి 1954లో నేచర్ పత్రికలో ఒక నమూనా ప్రకటించారు. మరుసటి ఏడు దాన్నే సవరించి, మూడు గొలుసులూ ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకున్నట్టు చూపించారు. మూడుపేటల తాడు లాంటి ఈ మెలికలో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్ అయి తీరాలి. మూడు పేటలు కలిసే నడుమ చోటు అంత ఇరుకు, అన్నిటిలోకీ చిన్నదైన గ్లైసినే అక్కడ పడుతుంది. ఒక్కచోట గ్లైసిన్ బదులు పెద్దది వస్తే చాలు, ఎముకలు పెళుసుబారే జబ్బు రావచ్చు. 1955లోనే అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ ఈ నమూనాలో హైడ్రోజన్ బంధాల లెక్క తప్పని వాదించారు. మూడు అమైనో ఆమ్లాలకి రెండు బంధాలు కాదు, ఒకటే అన్నారు. ఆ లెక్కలో వాళ్ళ మాటే నిలిచింది. మూడుపేటల మెలిక అనే అసలు ఊహ మాత్రం మద్రాసుదే. అణువులు ఎంత దగ్గరికి రాగలవన్న ఈ తగువే రామచంద్రన్‌ను 1963 నాటి ప్రసిద్ధ పటం దాకా నడిపించింది. నేటికీ ప్రోటీన్ నిర్మాణాల తప్పొప్పులు సరిచూసేది ఆయన పేరున్న ఆ పటంతోనే.

మూడుపేటల అణువు పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర. ఇది ఇంకా పోగు కాదు, పోగుకి ముడిసరుకు. ఇవి వందలూ వేలూ పక్కపక్కన చేరితే ఫైబ్రిల్ అనే సన్నని పోగు తయారవుతుంది. 1940ల మొదట్లో అమెరికాలో ఫ్రాన్సిస్ ష్మిట్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఈ పోగుల్ని పెట్టినప్పుడు వాటి ఒంటి నిండా అడ్డచారలు కనిపించాయి. ఒంట్లో తడిగా ఉన్నప్పుడు చారకీ చారకీ మధ్య దూరం 67 నానోమీటర్లు. ఆ చారలకి కారణం 1963లో హాడ్జ్, పెట్రుస్కా చెప్పారు. ప్రతి అణువూ పక్కదాని కంటే సరిగ్గా ఒక చార దూరం ముందుకి జరిగి పడుకుంటుంది. అణువు పొడవు చార దూరానికి నాలుగు రెట్లకి పైన, అయిదు రెట్లకి లోపల ఉంది. అందువల్ల ఒక అణువు తోకకీ దాని ముందున్న అణువు తలకీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఎముకలో ఖనిజం స్థిరపడటం మొదలయ్యేది ఆ ఖాళీల్లోనే.

ఇంతవరకూ ఆకారం సంగతి. అసలు ఆశ్చర్యం 1950ల ప్రయోగాల్లో ఉంది. జెరోమ్ గ్రాస్ తదితరులు చర్మం, స్నాయువుల కొలాజెన్‌ను పలచని ఆమ్లంలో కరిగించారు. చారలన్నీ పోయి, విడి అణువుల ద్రావణం మిగిలింది. దాని ఆమ్లగుణం తీసేసి, తగినంత ఉప్పు ఉంచి, ఒంటి వేడికి తెస్తే చాలు, అణువులు మళ్ళీ చేరి అవే చారలతో పోగులయ్యాయి. కణాలు లేవు, ఎంజైములు లేవు. స్వయంగా కూడుకోవడమనే మాటకి ఇంతకంటే శుభ్రమైన సాక్ష్యం దొరకదు.

వేడి చేస్తే కూడుకోవడం ఏమిటన్న సందేహం ఇక్కడ రావాలి. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేట్లో భక్తులు బెల్లం కరిగిస్తారు, ఆ బెల్లంలాగే తమ రోగాలూ కరిగిపోవాలని. కోనేట్లో పడ్డ బెల్లం మళ్ళీ ముద్దకట్టదు, నీళ్ళు వేడిగా ఉంటే ఇంకా త్వరగా కరుగుతుంది. కొలాజెన్ దీనికి పూర్తిగా ఎదురు నడుస్తున్నట్టు కనిపిస్తుంది, చల్లగా ఉంటే కరిగి ఉంటుంది, వెచ్చగా ఉంటే పేరుకుంటుంది. ప్రకృతి చిందరవందర వైపే మొగ్గుతుందన్న సూత్రం ఇక్కడా చెల్లుతోంది, చిందరవందర అవుతున్నది కొలాజెన్ కాదు, నీరు. విడి అణువు ఒంటి చుట్టూ నీటి అణువులు కదలకుండా వరుసగా నిలబడి ఉంటాయి. రెండు కొలాజెన్ అణువులు దగ్గరైతే మధ్యనున్న ఆ నీటికి విడుదల దొరుకుతుంది. పోగులో క్రమం పెరిగినదానికంటే నీటిలో క్రమం తగ్గింది ఎక్కువ. మొత్తం మీద చిందరవందర, అంటే ఎంట్రోపీ, పెరిగింది. క్రమానికి అక్రమమే ఖర్చు పెట్టిందన్నమాట. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఈ రంగంలో సగం విషయం చేతికొచ్చినట్టే.

అంత తేలికగా కూడుకునే అణువు తయారైన కణం లోపలే ఎందుకు గడ్డకట్టదు? దానికి కణం ముందుజాగ్రత్త తీసుకుంది. కొలాజెన్‌ను రెండు చివరలా అదనపు ముక్కలతో తయారు చేస్తుంది. ఆ ముక్కలు ఉన్నంతసేపూ అణువు కరిగే ఉంటుంది. బయటికి పంపే వేళకి ప్రత్యేక ఎంజైములు వాటిని కత్తిరిస్తాయి. 1987లో కార్ల్ కాడ్లర్, డార్విన్ ప్రాకప్‌ల బృందం పరీక్షనాళికలో ఈ కత్తిరింపునే జరిపి చూసింది. చివరి ముక్క ఊడిపోగానే కరిగే గుణం వెయ్యి రెట్లకు పైగా పడిపోయి, పోగులు వాటంతట అవే వచ్చాయి. 2004లో కాడ్లర్ సహచరులే ఇంకో విషయం చూపించారు. పిండదశలో స్నాయువు కణాలు బయటికి వేళ్ళలాంటి మొనలు చాస్తాయి, పోగులు వాటిలోంచే స్నాయువు పొడవునా ఒకే దిక్కుగా బయటికొస్తాయి. పేరుకోవడం అణువు గుణం, ముహూర్తమూ దిక్కూ కణానివి.

ఇదే కొలాజెన్ అరచేతి చర్మంలో తెల్లగా మందంగా ఉంటుంది, కంటి ముందుపొర కార్నియాలో అద్దంలా ఉంటుంది. రెండింటిలోనూ ముఖ్యమైనది ఒకే రకం అణువు. కార్నియాలో పోగులన్నీ ఇంచుమించు 30 నానోమీటర్ల మందంతో, సమాన దూరంలో నిలబడతాయి. ఆ దూరాలు వెలుతురు తరంగం కంటే బాగా చిన్నవి. ఒక్కో పోగు చెదరగొట్టిన వెలుతురు పక్క పోగుది కొట్టేస్తుంది, ముందుకి పోయేది మిగులుతుంది. ఈ వివరణ 1957లో డేవిడ్ మారిస్ ఇచ్చారు. పోగు అంతకంటే లావు కాకుండా ఆపేది అయిదో రకం కొలాజెన్. అది మామూలు కొలాజెన్‌తో కలిసి చేరి పోగు పెరుగుదలకి కళ్ళెం వేస్తుంది. పోగుల మధ్య దూరం కాపాడటంలో చక్కెర గొలుసులున్న ఇంకొన్ని ప్రోటీన్లకి పాత్ర ఉంది. అవన్నీ కలిసి ఆ కొలతను అంత ఖచ్చితంగా ఎలా పట్టుకుంటాయన్నది ఈనాటికీ పూర్తిగా తేలలేదు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే గట్టి చిక్కుముడిగా కనిపించేది ఇదే.

2002లో లెయికినా, లెయికిన్ తదితరులు చూపించిన విషయం మరీ విడ్డూరం. మనిషి కొలాజెన్ అణువు ఒంటి వేడికే నెమ్మదిగా విడిపోతుంది. ఒంటరిగా ఉంటే 37 డిగ్రీల దగ్గర దాని మూడు పేటలూ నిలవవు. పోగులో చేరితేనే దానికి స్థిరత్వం. ముందు గట్టి అణువు, తర్వాత దానితో పోగు అని మనం అనుకున్న వరుస ఇక్కడ తిరగబడింది, అణువుని నిలబెడుతున్నదే పోగు.

తోళ్ళ పనివాళ్ళకి ఈ వేడి సంగతి శాస్త్రం కంటే ముందే తెలుసు. పచ్చితోలు వేడినీటిలో 60-65 డిగ్రీలకే ముడుచుకుపోతుంది. మేక కాళ్ళు ఉడికించిన షోర్వా చల్లారితే పేరుకునేది ఇలా విడిపోయిన కొలాజెనే, జెలటిన్. చల్లారినప్పుడు అక్కడక్కడ మూడుపేటల మెలికలు మళ్ళీ పడతాయి గానీ చారలు తిరిగిరావు. క్రోమియం పట్టించిన తోలు మరిగే నీటికి కూడా తట్టుకుంటుంది, అణువుల పక్క కొమ్మల మధ్య క్రోమియం ముడులు వేయడం వల్ల. అంతకు ముందు మద్రాసు తోలుకి విదేశాల్లో పేరు తెచ్చింది తంగేడు చెక్క, కరక్కాయ. ఆ వగరు పదార్థాలు చేసింది కూడా ఆ పనే, ఇంకాస్త మెత్తగా. సున్నం తొట్టి నుంచి పదును తొట్టి దాకా తోళ్ళ కర్మాగారం పోగుల్ని కొత్తగా కట్టేది ఏమీ లేదు, పశువు ఒళ్ళు కట్టిపెట్టిన క్రమాన్ని చెదరకుండా ముడివేస్తుంది.

వెంట్రుక దారి వేరు. 1930లలో ఇంగ్లండులోని లీడ్స్‌లో విలియం ఆస్ట్‌బరీ ఉన్ని మీద ఎక్స్‌రేలు పంపితే 5.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర గుర్తు పడింది. 1951లో లైనస్ పాలింగ్ ప్రకటించిన ఆల్ఫా మెలిక లెక్క ప్రకారం 5.4 రావాలి. ఆ చిన్న తేడా పాలింగ్‌కీ క్రిక్‌కీ నిద్రపట్టనివ్వలేదు. మెలికలు తిన్నగా ఉండక ఒకదాని చుట్టూ ఒకటి కాస్త వంగి చుట్టుకుంటే తేడా మాయమవుతుందని ఇద్దరూ ఇంచుమించు ఒకే కాలంలో కనిపెట్టారు. వెంట్రుకలోని ప్రోటీన్ అయిన కెరటిన్‌లో ఆమ్లగుణం ఉన్న గొలుసొకటి, క్షారగుణం ఉన్నదొకటి ఇలా జతకడతాయి. జతలు నాలుగు గొలుసుల పొట్టి ముక్కలుగా, ఆ ముక్కలు పోగులుగా చేరతాయి. కొలాజెన్‌లా బయటికి పోవడం ఉండదు, ఇదంతా కణం కడుపులోనే. చివరికి ఆ కణం చచ్చిపోతుంది, పోగుల మధ్య గంధకం ఎక్కువున్న ప్రోటీన్లు నిండి గంధకపు ముడులు బిగుసుకుంటాయి. కొండ మీద మంగలి కత్తికి తెగేది ఆ చచ్చిన కణాల వరస.

ఇంత రద్దీగా ఉన్న కణంలో పోగులు చిక్కులు పడకుండా ఎలా సర్దుకుంటాయన్న దానికి ఒక జవాబు భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. 1949లో లార్స్ ఆన్‌సాగర్, పొడుగు కర్రల్లాంటి అణువులు ఎక్కువై ఇరుకైతే, వాటి మధ్య ఆకర్షణ ఏమీ లేకపోయినా ఒకే దిక్కుకి తిరుగుతాయని లెక్కకట్టి చూపించారు. దిక్కు విషయంలో స్వేచ్ఛ పోగొట్టుకున్నా కదలడానికి చోటు దొరుకుతుంది. ఇక్కడా అక్రమమే క్రమాన్ని పుట్టించింది. ఆయన లెక్కకి ప్రేరణ పొగాకు ఆకు మచ్చతెగులు వైరస్. రాజమండ్రి, గుంటూరు పొగాకు రైతులు తిట్టుకునే ఆ వైరస్ 300 నానోమీటర్ల నిటారు కర్ర. 1936లో బాడెన్, పిరీ దాన్ని శుద్ధి చేసి, చిక్కటి ద్రావణంలో అది ద్రవ స్ఫటికంలా, అంటే పారుతూనే లోపల క్రమం ఉన్న ద్రవంలా, వెలుతురుని మలుస్తుందని చూశారు. 1955లో ఫ్రెంకెల్-కాన్రాట్, విలియమ్స్ దాని ప్రోటీన్‌నీ ఆర్‌ఎన్‌ఏనీ విడదీసి మళ్ళీ కలిపితే తెగులు పుట్టించే వైరస్ తిరిగి తయారైంది. బల్లపరుపు అణువులు నిలువుగా పేరుకుని స్తంభాలై, ఆ స్తంభాలు తేనెపట్టు వరుసలో నిలబడే ద్రవ స్ఫటికాన్ని 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, సదాశివ, సురేశ్ కనుగొన్నారు. ప్రోటీన్ లేని చోటా ఇదే వ్యాకరణం నడుస్తుందని దాంతో రుజువైంది. కెరటిన్ పోగులు కూడా మొదట ఇలాంటి ద్రవ స్ఫటికంగా సర్దుకుని తర్వాతే గట్టిపడతాయని 2006లో జాన్ మెకినన్ ప్రతిపాదించారు. ఉన్నిలో కొన్ని కణాల పోగుకట్టలు మెలితిరిగి, కొన్నింటివి తిన్నగా ఉండటాన్ని ఆ ఊహ బాగానే వివరిస్తుంది. బతికున్న వెంట్రుక కుదురులో ఆ దశను కళ్ళారా చూపించడం మాత్రం కష్టమైన పని.

పట్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పట్టుపురుగు తన గ్రంథిలో ప్రోటీన్‌ను చిక్కటి పాకంలా దాచుకుంటుంది. గొట్టం సన్నబడే దారిలో ఆమ్లగుణం పెరుగుతుంది, నీరు లాగేయబడుతుంది, పురుగు తల ఊపి లాగిన లాగుడికి అణువులు బారుగా సాగి చిన్న స్ఫటికాలుగా అతుక్కుంటాయి. ఇక్కడ లాగుడే సగం పని. 2002లో షావో, వోల్‌రాత్ పురుగు నోటి నుంచి దారాన్ని వేగం పెంచి యంత్రంతో లాగితే, గూడు నుంచి తీసినదాని కంటే గట్టి దారం వచ్చింది. అణువు మారలేదు, లాగిన తీరు మారిందంతే.

పోగు లావు ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్నకి జవాబుగా కళ్ళెం వేసే ప్రోటీన్ అన్నిచోట్లా దొరకదు. రక్తం గడ్డకట్టినప్పుడు అల్లుకునే ఫైబ్రిన్ పోగుని చూసి వైజల్, నాగస్వామి, మకావ్‌స్కీ 1987లో వేరే కారణం చూపించారు. పోగు మెలితిరిగి ఉంటే బయటి వరస అణువులు లోపలి వరస కంటే ఎక్కువ దూరం చుట్టి రావాలి. లావు పెరిగేకొద్దీ బయటివి సాగదీయబడతాయి. కొత్త అణువు అతుక్కున్నందుకు దొరికే లాభం ఆ సాగదీత నష్టానికి సమానమైన చోట పోగు ఆగిపోతుంది. ఎవరూ కొలవకుండానే కొలత వచ్చింది. గ్రెగరీ గ్రేసన్ వంటి సిద్ధాంతకారులు దీన్ని విస్తరించి, తమలో తాము ఇమడలేని ఆకారాలే తమ పరిమాణాన్ని తాము నిర్ణయించుకుంటాయని చెబుతున్నారు. కొలాజెన్‌కి ఇది ఎంతవరకు వర్తిస్తుందో ఇంకా వాదం నడుస్తోంది. నా మొగ్గు ఈ వైపే, అయినా కార్నియా లాంటి చోట మెలి ఒక్కటే చాలదు.

క్రమం ఎప్పుడూ మేలే చేయాలని లేదు. సికిల్ సెల్ జబ్బులో హీమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. ఆక్సిజన్ వదిలేసిన ఆ అణువులు పద్నాలుగు వరసల చక్కటి పోగులుగా పేనుకుని ఎర్ర కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది తమిళనాడులోనే, 1952లో, నీలగిరి గిరిజనుల్లో. ఆదిలాబాద్ అడవుల నుంచి అల్లూరి జిల్లా మన్యం దాకా ఈ జబ్బు ఉంది. 1974లో హాఫ్రిక్టర్, రాస్, ఈటన్ కనుగొన్నదాని ప్రకారం పోగులు మొదలవడానికి కొంత ఆలస్యం ఉంటుంది, ఆ ఆలస్యం గాఢతను బట్టి సుమారు ముప్ఫయ్యో ఘాతంలో మారుతుంది. అంటే గాఢత పదో వంతు పెరిగితే ఆలస్యం ఇంచుమించు పదిహేడో వంతుకి పడిపోతుంది. కణం సన్నని రక్తనాళం దాటి ఊపిరితిత్తులకి చేరేదాకా ఈ ఆలస్యం మిగిలితే మనిషికి నొప్పి రాదు. ఒంట్లో నీరు తగ్గకూడదని ఈ రోగులకి డాక్టర్లు పదేపదే చెప్పడానికి కారణం అదే. పిండదశ హీమోగ్లోబిన్‌ను పెంచే హైడ్రాక్సీయూరియా మందు కూడా ఆ ఆలస్యాన్నే కొని ఇస్తుంది. అణువు గుణం మార్చలేనప్పుడు పరిస్థితి మార్చి బతికించవచ్చునన్న దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మనం స్వయంగా కట్టబోతే ఏమవుతోంది? తోళ్ళ వ్యర్థాల నుంచీ చేపల నుంచీ కొలాజెన్ తీసి గాయాల మీద వేసే పొరలు చేయడం ఇప్పుడు వింత కాదు. అందులో పోగులు వస్తాయి, చారలూ వస్తాయి, ఒకే దిక్కుగా కావలసినంత బలంతో పడుకోవడమే రాదు. బలమైన విద్యుత్ క్షేత్రంలో సన్నని దారాలు లాగే పద్ధతి ఒకటి కొన్నేళ్ళు బాగా నడిచింది. అందుకు వాడే ఘాటైన ద్రావకాలు మూడుపేటల మెలికనే విప్పేస్తున్నాయని, ఇంత ఖర్చు పెట్టి మనం చేస్తున్నది జెలటినే కదా అని 2008లో ఒక పరిశోధక బృందం తన వ్యాసం శీర్షికలోనే నిలదీసింది. 2022లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి త్రీడీ ముద్రణతో కార్నియా తయారు చేసి కుందేలు కంట్లో అమర్చాయి. అందుకు వాడిన జెల్‌ను పరీక్షనాళికలో మొదటి నుంచి కట్టలేదు, దాతల కళ్ళ నుంచి తీసిన కార్నియాల్లో కణాలను తొలగించి మిగిలిన పదార్థంతో చేశారు.